లీలమ్మ దాటేసిన పాఠం

పొద్దున ఆరున్నరకు కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీ గేటు దగ్గర నిలబడితే కంటికి ఇంపైన దృశ్యం ఒకటి కనిపిస్తుంది. నీలం రంగు టీషర్టులు వేసుకుని, చేతుల్లో టిఫిన్ డబ్బాలు పట్టుకుని, ముప్ఫైమంది దాకా మగవాళ్లు ఫ్యాక్టరీ బస్సు కోసం ఎదురుచూస్తుంటారు. బట్ట నిగనిగలాడుతుంటుంది. ఇస్త్రీ అక్కర్లేదు, ముడతా పడదు. చూసినవాళ్లెవరైనా 'పోనీలే, కాంట్రాక్టు కూలీలకు కూడా మంచి యూనిఫాం ఇస్తున్నారు' అనుకుంటారు. మీరైనా నేనైనా అంతే అనుకుంటాం. ఆ మెరుపు ఏమిటో అడగాలని మనలో ఎవరికి తోచింది కనక!

తొమ్మిదో అంతస్తు వరండాలోంచి లీలమ్మ ఆ వరుసను చూసి మురిసిపోయేది. ఎందుకు మురవదు? ఆ టీషర్టులు కుట్టింది ఆమే. ఫలానా భుజం తాను ఎన్నిసార్లు విప్పి కుట్టిందో, ఫలానా మెడ పట్టీ ఎలా మొరాయించిందో పైనుంచే గుర్తుపట్టేది. ఒకనాడు తన భర్త సుందర్‌రాజు కూడా అదే బస్సుకు, అలాంటి టీషర్టుతోనే వెళ్లేవాడని తలచుకుని కళ్లు తుడుచుకునేది.

సుందర్‌రాజు పటాన్‌చెరు వైపున్న ఒక రసాయనాల ఫ్యాక్టరీలో డ్రమ్ములు నింపే పని చేసేవాడు. నిరుడు వానాకాలంలో డ్రమ్ముల దగ్గర మంట లేచింది. సుందర్‌రాజుతో పాటు పక్కనున్న బాలప్ప వీపుకూ అంటుకుంది. బాలప్పది పాత నూలు అంగీ. ఆనాడు యూనిఫాం ఉతికి ఆరేసి ఉండడంతో, తిట్లు తిని మరీ లోపలికి వెళ్లాడు. మంట అంటగానే అంగీ పర్రున చింపి అవతల పారేశాడు. చర్మం బొబ్బలెక్కింది, నెల రోజులకు డ్యూటీకి వెళ్లాడు. సుందర్‌రాజు కూడా టీషర్టు గుంజబోయాడు. అది రాలేదు.

ఆసుపత్రిలో నర్సు మూడు రోజులు వరసగా అతని వీపు మీంచి నల్లటి గింజల్లాంటివి ఏరుతూనే ఉంది. ఆవగింజంత, మెంతిగింజంత, గట్టిగా, మాంసంలోకి దిగి ఉన్నాయి. ఒక్కో గింజ వచ్చినప్పుడల్లా ఆ పెద్ద మనిషి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"గవి ఏంది సిస్టర్?" అని అడిగింది లీలమ్మ.

"ఏమో అమ్మా, డ్రమ్ముల ఉన్న మందు గడ్డకట్టిందేమో" అన్నది నర్సు. ఆమెకు మాత్రం ఏం తెలుసు?

ఫ్యాక్టరీవాళ్లు మూత అజాగ్రత్తగా తీశాడని రాసుకున్నారు. బంధువులు బాలప్ప అదృష్టవంతుడన్నారు. చర్చిలో దేవుని చిత్తం అన్నారు. సుందర్‌రాజు అన్నీ నిజమే అనుకున్నాడు. "నాదే తప్పు లీలా, నేనే జెర సూసుకోవాల్సింది" అంటూ మంచానికి అతుక్కుపోయాడు. వీపు మీద చర్మం ముడుచుకుని, కుడి చెయ్యి భుజం దాటి లేవకుండా అయింది. కుట్టు అంచు తగిలితే చాలు, ప్రాణం విలవిల్లాడేది. ఏ అంగీ వేసుకోలేక, చలిలో కూడా తువ్వాలు కప్పుకుని కూర్చునేవాడు. మనిషి వస్తే లోపలి గదిలోకి తప్పుకునేవాడు.

లీలమ్మకు జాకెట్లు కుట్టడం వచ్చు. కానీ సాగే బనీను బట్ట కుట్టడం రాదు. "నీకేం రాకున్నా ఫోన్ల అన్నీ ఉన్నయి మమ్మీ" అని ఇంటర్ చదివే కూతురు గ్లోరియా ఆన్‌లైన్ క్లాసులో చేర్పించింది. చెప్పే మనిషి కరీంనగర్‌లో ఉండే వెంకటరమణమ్మ. బనీన్లు కుట్టే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు వంచిన నడుము ఆమెది. పన్నెండు పాఠాలు ఫోన్లో పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం అందరినీ ఒకేసారి తెర మీద కూర్చోబెట్టి, కుట్టినవి చూసి తప్పులు చెప్పేది.

"బట్టను గుంజకు బిడ్డా. దానంతట అది పోతది. నువ్వు గుంజితే అది అలుగుతది" అనేది.

లీలమ్మ గుంజింది. బట్ట అలిగింది. మొదటి టీషర్టు మెడ అలలు అలలుగా లేచింది. "ఇది మెడనా లీలా, పొంగిన పూరీనా?" అన్నాడు సుందర్‌రాజు. ప్రమాదం తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు కోసం ఇంకో పది మెడలు పాడుచేసినా ఫరవాలేదనిపించింది ఆమెకు. మామూలు సూది బట్టకు చిల్లులు పొడుస్తుంటే మొన మొద్దుగా ఉండే సూది తెప్పించుకుంది. మెడ పట్టీ మెడ కంటే కురచగా కత్తిరించి, సాగదీస్తూ అతకడం పట్టుబడింది. చివరికి మెత్తటి నూలు బనీను బట్టతో, భుజం మీద టిచ్ బటన్లు పెట్టి, చెయ్యి ఎత్తే పని లేకుండా తొడుక్కునే టీషర్టు కుట్టింది.

సుందర్‌రాజు దాన్ని తొడుక్కుని ఎడమ చేత్తో నిమురుకున్నాడు. "దూది లెక్కున్నది" అన్నాడు. ఆ సాయంత్రం అదే అంతస్తులో ఉంటూ అదే ఫ్యాక్టరీకి వెళ్లే జైపాల్ వస్తే, లోపలికి పారిపోకుండా కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ ఇంటికి పండుగ అంటే అదే.

అయితే లీలమ్మ ఒక పాఠం దాటేసింది. నాలుగోది. ఫోన్లో ఆ పాఠం బొమ్మ చూడగానే ఆమె ఫోన్ బోర్లా పెట్టేసింది. వెంకటరమణమ్మ చేతిలో వెలుగుతున్న అగ్గిపుల్ల, దాని మీద ఒక గుడ్డపేలిక. ప్రమాదం నాటి నుంచి లీలమ్మ పొయ్యి కూడా ముఖం పక్కకు తిప్పుకునే వెలిగిస్తోంది. చర్చిలో కొవ్వొత్తుల ఆరాధన అంటే ఏదో ఒక సాకు చెప్పి ఇంట్లో ఉండిపోతోంది.

"కుట్టుకు అగ్గితోని ఏం పని? ముందటిది పెట్టు" అని గ్లోరియా చేత ఐదో పాఠం పెట్టించుకుంది. ఆ తల్లిని తప్పుపట్టడానికి మనకు నోరు రాదు. కానీ తప్పు తప్పే. అది ఆమెతో ఆగలేదు, వేరేవాళ్ల ఒంటి మీదికి చేరింది.

లీలమ్మ టీషర్టులు కుడుతోందని జైపాల్ ద్వారా తెలిసి లేబర్ కాంట్రాక్టర్ మురళీమోహన్ వచ్చాడు. సుందర్‌రాజును పనిలో పెట్టింది అతనే. బస్తాడు నీలం బట్ట దింపి, "అరవై టీషర్టులు కావాలె లీలమ్మా. బయటోళ్లకు ఎందుకు, మనోళ్లకే ఇద్దామని తెచ్చిన" అన్నాడు. ఆమె చేతులెత్తి దండం పెట్టింది. సుందర్‌రాజు బట్టను వేళ్లతో తడిమి, "నాకూ గిసుంటిదే ఇచ్చిండ్రు. మస్తు మెరుస్తది, జల్దీ ఆరుతది" అన్నాడు.

మొదటి ముప్ఫై కుట్టి ఇచ్చిన వారానికి ఆదివారం క్లాసులో వెంకటరమణమ్మ కళ్లద్దాలు సవరించుకుంది.

"లీలమ్మా, మెడలు సక్కగ వస్తున్నయి. మరి నాలుగో పాఠం ఫోటో పెట్టలేదేంది బిడ్డా? బట్ట పేరు తెల్వకుండనే కుడుతున్నవా?"

మరునాడు పొద్దున లీలమ్మ స్టీలు పళ్లెం, అగ్గిపెట్టె తీసుకుని బట్టలుతికే చోట కూర్చుంది. గ్లోరియా ఫోన్ పట్టుకుంది. మొదట భర్త టీషర్టులో మిగిలిన తెల్ల పేలిక కాల్చింది. కాగితం కాలిన వాసన వచ్చింది. మెత్తటి బూడిద రాలింది. ఊదితే పోయింది.

తర్వాత నీలం పేలిక. మంట దగ్గరికి రాకముందే అది వెనక్కి ముడుచుకుంది. ఆ పైన కరిగింది. బొట్టు బొట్టుగా పళ్లెం మీద పడి, నల్లగా గడ్డకట్టింది. లీలమ్మ గోరుతో గీకింది. రాలేదు. చెంచా కాడతో గీకింది. అయినా రాలేదు.

ఆవగింజంత, మెంతిగింజంత.

"మమ్మీ! ఏమైంది మమ్మీ?" అని గ్లోరియా ఫోన్ కింద పడేసింది. లీలమ్మ గొంతులోంచి మాట కాదు, మూలుగు వచ్చింది. అయ్యో దేవుడా! మూడు రోజులు నర్సు ఏరింది మందు కాదు, టీషర్టు. అదే టీషర్టును తన చేతులతో, మెడ చక్కగా కుదిరిందని మురిసిపోతూ, ముప్ఫై మందికి తొడిగింది.

ఆమె పళ్లెం తీసుకెళ్లి భర్త ముందు పెట్టింది. సుందర్‌రాజు ఆ నల్లటి గింజల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు.

"బాలప్పది నూలు అంగీ" అన్నాడు. "వాడు సింపి పారేసిండు. నాది రాలే. నేను గుంజిన లీలా, మస్తు గుంజిన."

"నీ తప్పు గాదయ్యా" అంటూ ఆమె అతని కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. ఏడాదిగా మోస్తున్న నింద దిగినందుకు అతనూ ఏడ్చాడు.

తెల్లవారి ఆరున్నరకు లీలమ్మ పళ్లెంతో గేటు దగ్గర ఉంది. నీలం వరుస ముందు నిలబడి, ఈసారి ముఖం తిప్పుకోకుండా అగ్గిపుల్ల గీసి నీలం పేలికకు పెట్టింది. "అన్నలారా, తమ్ములారా, నేను కుట్టిన అంగీలు నాకు వాపస్ ఇయ్యుండ్రి. ఇది పాలిస్టరు. మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటది. నేను తెల్వక కుట్టిన" అన్నది.

కొందరు దగ్గరికి వచ్చి చూశారు. ఒకడు నవ్వాడు. "మేమేమన్న పొయ్యిల దుంకుతున్నమా వదినా? నూలు బట్ట కాలదా ఏంది?"

"కాలుతది. కానీ ఊడదీస్తే వస్తది. ఇది రాదు."

"పోనియ్యి అక్కా, బస్సు టైం అయితున్నది" అన్నారు ఇంకొకరు.

అప్పుడు గుంపు వెనక అలికిడయింది. ఏడాదిగా కిందికి దిగని సుందర్‌రాజు గోడ పట్టుకుంటూ వస్తున్నాడు. ఎడమ చేత్తో భుజం మీది టిచ్ బటన్లు ఒక్కొక్కటే విప్పి, టీషర్టు జార్చి, వాళ్లకు వీపు చూపించి నిలబడ్డాడు.

నవ్వినవాడు తల దించుకున్నాడు. జైపాల్ అందరికంటే ముందు తన టీషర్టు విప్పి లీలమ్మ చేతిలో పెట్టాడు. అతని వెనక ఇంకొకరు, ఇంకొకరు. పది పదకొండు మంది విప్పారు.

ఇంతలో బస్సు వచ్చింది. డ్రైవర్ చూసి మురళీమోహన్‌కు ఫోన్ కలిపాడు. స్పీకర్లో గొంతు అందరికీ వినిపించింది. "యూనిఫాం లేనోనికి గేటు లేదు. ఇష్టముంటే రమ్మను, లేకుంటే పండుకోమను. బిహార్ నుంచి బండెడు మంది వస్తున్నరు."

బస్సు ఇంజను ఆగలేదు. ఒకతను వచ్చి, "మాఫ్ చెయ్యి వదినా, పిల్లలున్నరు" అని తన టీషర్టు తాను తీసుకున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి తీసుకున్నారు. ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. బస్సు వెళ్లిపోయాక లీలమ్మ చేతిలో జైపాల్ టీషర్టు ఒక్కటే మిగిలింది. జైపాల్ బనీను మీద, టిఫిన్ డబ్బాతో నిలబడి ఉన్నాడు.

"ఇగ రేపటి సంది నేనేం జెయ్యాలె వదినా?" అన్నాడు. కడుపు నిండాలంటే నిప్పు తగిలితే ఒంటికి అంటుకునే బట్ట తొడుక్కోవాల్సిందే అనే చోట, ఆడదాని కన్నీళ్లకు బస్సు ఆగదు.

ఆ సాయంత్రమే మురళీమోహన్ వచ్చి మిగిలిన బట్ట ఎత్తుకెళ్లాడు. "సాయం చేద్దామని వస్తే నా నెత్తినే చెయ్యి పెడతవా? టైలర్లకు కరువా?" అన్నాడు. కరువు లేదు. పది రోజులు తిరగకుండానే కొత్త నీలం టీషర్టులు గేటు దగ్గరికి వచ్చాయి. లీలమ్మ పైనుంచి చూసింది. కుట్టు బాగుంది. మెడ ఎక్కడా లేవలేదు. ఎవరో తనలాంటిదే, ఓపికగా నేర్చుకున్న చెయ్యి.

ఆదివారం క్లాసులో లీలమ్మ మాట్లాడతానని అడిగింది. భర్త వీపు గురించి, నర్సు ఏరిన గింజల గురించి, పళ్లెం గురించి చెప్పింది. అగ్గికి భయపడి పాఠం దాటేశానని ఒప్పుకుంది. తెర మీద చిన్న చిన్న గళ్లలో ఆడవాళ్లంతా కదలకుండా విన్నారు. చివరి గడిలోంచి ఒక గొంతు మెల్లగా లేచింది.

"అక్కా, నేను నజీరాను. బీరంగూడ నుంచి. మురళీమోహన్ తెచ్చిన ఆ నీలం బట్ట ఇప్పుడు నా ఇంట్ల ఉన్నది." ఆమె నీలం బట్ట మడత ఒకటి తెర ముందుకు ఎత్తింది. "ముప్ఫై కుట్టిచ్చిన. నేను పేలిక కాల్చి చూసిన అక్కా. పాలిస్టర్ అని తెలుసు. యాడికి పోతయో నేను అడగలే. ఆయన చెప్పలే."

వెంకటరమణమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"తప్పు మీ ఇద్దరిది గాదు, నాది" అన్నది. "పేలిక కాల్చుడు నేర్పిన. ఎందుకు కాల్చాల్నో నేర్పలే. నాకు మెడలు సక్కగ వస్తే సాలనిపించింది. ఇగ సంది నాలుగో పాఠమే మొదటి పాఠం. కుట్టమని ఎవలు బట్ట తెచ్చినా, తొడుక్కునేటోడు యాడ నిలబడి పనిజేస్తడని అడుగుండ్రి. అగ్గి కాడ అంటే నూలు బట్ట తెమ్మనుండ్రి. తేకుంటే సూదిల దారం ఎక్కియ్యకుండ్రి. ఒక్క లీలమ్మ వద్దంటే వాడు నజీరా కాడికి పోయిండు. మనం అందరం వద్దంటే యాడికి పోతడు?"

"నా ఇంట్ల ఉన్న బట్ట రేపు వాపస్ పంపిస్త" అన్నది నజీరా.

ఆ వారం క్లాసులోని వాళ్లంతా పేర్లు పెట్టి ఫ్యాక్టరీకి ఒక అర్జీ పంపారు. లీలమ్మ పళ్లెం ఫోటో, సుందర్‌రాజు వీపు ఫోటో దానికి జతచేశారు. జవాబు ఇంకా రాలేదు. అర్జీ పంపిన మర్నాడు పొద్దున కూడా బస్సు ఎప్పటిలాగే వచ్చింది. నీలం వరుస ఎక్కింది. జైపాల్ కూడా ఎవరిదో అరువు తెచ్చుకున్న టీషర్టుతో అందులోనే ఎక్కాడు. పైకి చూడలేదు.

సుందర్‌రాజు వరండా కమ్మీ పట్టుకుని, బస్సు రింగు రోడ్డు కిందికి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. పక్కనున్న భార్యతో అన్న మాట ఇది. ఫ్యాక్టరీలు నడిపేవాళ్లు, కాంట్రాక్టులు పట్టేవాళ్లు, ఆ మెరుపు చూసి ముచ్చటపడే మనమూ వినవలసిన మాట.

"అగ్గి కాడ పనిజేసేటోనికి నూలు బట్ట ఇచ్చుడు దానం గాదు లీలా, అది వాని పానం. అది అడగనీకె వాడు నా లెక్క కాలేదాక ఆగొద్దు."