అన్ తర్వాతి మాట

సమ్మయ్య సారుకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, నోటి మాట ఒక్కసారే పోయినయ్. కరీంనగర్ దవాఖాన నుంచి లక్సెట్టిపేటకు తిరిగొచ్చేసరికి ఆయన నోట ఒక్క మాటే మిగిలింది. "అన్."

నీళ్లిచ్చినా అన్. పక్క మీద తిప్పినా అన్. భార్య దెబోరాకు అది మూలుగు లెక్కనే వినపడ్డది. ఆదివారం మంచిర్యాల నుంచి వచ్చిన బిడ్డ మహిమ మాత్రం వినంగనే గుర్తుపట్టింది.

"అవ్వా, గిది బాపు క్లాసుల మాట. హ్యాపీ అంటే సంతోషం. ముందట అన్ పెడితే అన్‌హ్యాపీ, సంతోషం లేదు. లాక్ అంటే తాళం వేసుడు, అన్‌లాక్ అంటే తీసుడు. ఒక్క అన్ పట్టుకుంటే డిక్షనరీల ఎన్నో పేజీలు మీయే అని చెప్పేటోడు."

సారు కొలువంతా బడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పుడుతోనే గడిచింది. కరీంనగర్ దవాఖానల మాటలు పలికించే థెరపిస్టు మేడం కూడా మహిమ చెప్పింది విని ఆశపడ్డది. "మాట మొదలు వస్తుంది కదా. మిగతాది మీరు అందియ్యండి. ఆయన అనాలనుకున్నది మీ నోట వింటే పట్టుకుంటడు."

అందియ్యాలంటే ముందుగాల ఆ ఇంగ్లీషు మాటలు దెబోరాకు రావాలె. ఆమె తెలుగుల బైబిలు చదువుతది, గంతే. మహిమ నర్సు, డ్యూటీలు ఇడిచిపెట్టి రోజూ రాలేదు. అందుకే మాటలన్నీ తన గొంతుతోని చెప్పి ఫోన్ల పంపేది. దెబోరా కూరగాయలు కోసుకుంటా, బట్టలు పిండుకుంటా విని మళ్ల మళ్ల అనుకునేది. అన్‌వెల్, పానం బాగలేదు. అన్‌కవర్, కప్పింది తియ్యి. అన్‌బటన్, గుండీ తియ్యి.

ఒకనాడు సారు అన్ అంటే ఆమె వరుసగా చెప్పుకుంట పోయింది. అన్‌బటన్ అనంగనే ఆయన తల ఊపిండు. చూస్తే అంగీ మెడకాడ బిగుసుకొని ఉన్నది. గుండీ తీసి, బిడ్డకు ఫోన్ చేసి, "దొరికిందే మహిమా" అన్నది. ఏడుపొచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, మధ్యాహ్నం అన్నం తిన్నంక, సారు గట్టిగా "అన్" అన్నడు. చూపు ఆమె మొఖం మీదనే ఉన్నది.

"అన్‌బటనా సారూ?" ఊరంతా సారు అంటదని ఆమె పిలుపు కూడా అదే. ఆయన కాదన్నట్టు తల తిప్పిండు. "అన్‌కవరా? అన్‌వెల్లా? ఎక్కడన్న నొస్తుందా?" కాదు. ఆమెకు వచ్చిన మాటలన్నీ అయిపోయినయ్.

వీడియో కాల్ చేస్తే మహిమ డ్యూటీల నుంచి పక్కకొచ్చి ఫోన్లనే డిక్షనరీ తీసి చదవబట్టింది. అన్‌ఫేర్. అన్‌నోన్. అన్‌ఫినిష్డ్. ఒక్కో మాటకు సారు తల తిప్పుతుండు. జరసేపటికి ఎడమ చేత్తోని మంచంపట్టె మీద కొట్టిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

మహిమ చదువుడు ఆపింది. "అవ్వా, గది ఇంగ్లీషే కాదేమో. అన్నం కావచ్చు. అన్న కావచ్చు. పెదనాయిన యాదికొచ్చిండేమో."

"ఇప్పుడే తిన్నడు గదనే." దెబోరా ఆయన మీదికి వంగింది. "మీ అన్న అంతయ్య బావనా? బావను పిలిపియ్యాల్నా?"

సారు గోడ దిక్కు మర్లి కండ్లు మూసుకున్నడు.

ఆ పొద్దు నుంచి ఆమెకు ఇంకో ఫికర్ పట్టుకున్నది. ఆనాడు గుండీ కోసమే తల ఊపిండా, మళ్ల మళ్ల అడిగితే యాష్టకొచ్చి, విసిగి ఊపిండా?

మళ్ల కరీంనగర్ పోయినప్పుడు థెరపిస్టు మేడం అంతా విని మెల్లగ చెప్పింది. "కొందరికి ఒక్క మాట నోట్ల ఆగిపోతదమ్మా. ఏం చెప్పబోయినా అదే వస్తది. దానికి అర్థం ఉండకపోవచ్చు."

"మాటకు లేకపోవచ్చు మేడం. ఆయనకు ఉన్నది. మొఖం చూస్తే తెలుస్తుంది" అన్నది దెబోరా.

తిరిగొచ్చేటప్పుడు కారు రాయపట్నం వంతెన ఎక్కింది. కింద గోదావరిల నీళ్లు సన్నగ పారుతున్నయ్. సారు నీళ్ల దిక్కు చూసి, ఆమె దిక్కు మర్లి, "అన్" అన్నడు. ఈసారి గట్టిగ కాదు, అడిగినట్టు.

దెబోరా ఏ మాటా అందియ్యలే. ఆయన చెయ్యి ఒళ్లె పెట్టుకొని, "సరే సారూ, అట్లనే చేద్దాం" అన్నది.

దేనికి సరే అన్నదో ఆమెకు తెల్వదు. ఆయన కొంచెంసేపు ఆమెనే చూసి కండ్లు మూసుకున్నడు. నిమ్మళపడి మూసుకున్నడో, ఇగ చెప్పుడు చాలనుకొని మూసుకున్నడో, అది కూడా ఆమెకు తెలియలే.