గోడక్క ఆడిన సెట్టు

దుప్పటి రెండు కొసలు గోడక్క చేతుల్లో ఉన్నాయి, మిగతా రెండూ వదిన చేతుల్లో. ఇద్దరూ ఒక్క ఊపున విదిలించారు. వదిన మూడడుగులు ముందుకొచ్చి తన కొసలు అందించింది, వంగి కింది మడత పట్టుకుంది, మళ్ళీ మూడడుగులు వెనక్కి వెళ్ళింది. నూట పన్నెండు. ఆసుపత్రికి మూడు వందల మంచాలున్నాయి కాబట్టి ఇంకా నూట ఎనభై ఎనిమిది మడవాలి. రోగం కుదిరినా కుదరకపోయినా దుప్పటి మాత్రం రోజూ మారాల్సిందే.

ఆ లాండ్రీ గది నేలమాళిగలో ఉంది. బట్టలుతికే పెద్ద యంత్రాలు రెండు, ఆవిరి ఇస్త్రీ రోలర్ ఒకటి, గోడ పైభాగాన అడ్డంగా ఓ సన్నటి కిటికీ. అందులోంచి చూస్తే బయట నడిచేవాళ్ళ పాదాలు తప్ప మరేమీ కనిపించవు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న గోడక్క మనుషుల్ని చెప్పుల్ని బట్టే పోల్చగలదు. ఆమెకు యాభై ఒకటి. మనిషి పొట్టి, జుట్టు చెవుల దగ్గర నెరిసింది, మోచేతుల కింద పాత ఆవిరి మచ్చలున్నాయి. కుడి ముంజేయి ఎడమదానికంటే లావు. అది మాత్రం లాండ్రీ చేసిన పని కాదు.

“ఇవాళేనా మీ డ్రైవర్ బాబాయిగారితో ఆఖరి టెన్నిస్ ఆట?” అంది వదిన. వదినంటే వరసకి కాదు, సాక్షాత్తూ అన్నగారి పెళ్ళాం. ఇంట్లో పోట్లాట మిగిలితే పనిలో పూర్తిచేసుకుంటారు.

“ఆఁ. నాలుగింటికి.”

“అయితే నా మాట విని ఒక పని చెయ్యి. ఓడిపో.”

“ఆరేళ్ళుగా చేస్తున్నది అదే కదా వదినా. కొత్తగా నువ్వు చెప్పేదేముంది?”

“అలా కాదే తల్లీ. కావాలని ఓడిపో. పెద్దాయన రేపు ఊరొదిలి వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేవాణ్ణి నవ్వుతూ సాగనంపాలి గానీ, ఓడగొట్టి పంపిస్తారా ఎవరైనా?”

“నేను గెలవగలిగితే కదా ఆ బాధ.”

“అయిదు–ఏడు దాకా తెచ్చానని మొన్న చంకలు గుద్దుకున్నదెవరు? ఏమో బాబూ, పొరపాటున గెలిచినా గెలుస్తావు. నీకసలే పట్టిందల్లా పిచ్చి.”

గోడక్క తర్వాతి దుప్పటి అందుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు గెలవాలని ఉంది. మామూలుగా కాదు, కడుపులోంచి ఉంది. పెళ్ళి, పిల్ల, ఉద్యోగం, ఇల్లు, అన్నీ ఎవరో ఒకరు చేతిలో పెట్టినవే. ఆ డ్రైవర్ బాబాయి దగ్గర్నుంచి ఒక్క సెట్టు, ఒకే ఒక్క సెట్టు, ఆయన ఇవ్వగా కాకుండా తానుగా తీసుకోవాలని ఆరేళ్ళుగా కోరిక. ఇవాళ తప్పితే ఇంక లేదు.

అసలు ఈ పిచ్చి ఎలా అంటుకుందంటే, ఎనిమిదేళ్ళ క్రితం ఓ డాక్టరు కోటు జేబులో టెన్నిస్ బంతి ఒకటి ఉతుక్కి వచ్చేసింది. ఎవరూ చూసుకోలేదు. యంత్రంలో నలభై నిమిషాలు తిరిగి, బొచ్చంతా లేచి, కోడిపిల్లలా బయటికొచ్చింది. జేబుల్లో దొరికింది ఏదైనా సరే సొంతదారుకి చేర్చాలన్నది లాండ్రీ నియమం. ఆమె దాన్ని పట్టుకుని ఆసుపత్రి వెనకున్న మునిసిపాలిటీ కోర్టుకి వెళ్ళింది. ఆ డాక్టరు నవ్వి, “ఉతికిన బంతి ఇంక ఎగరదండీ, మీరే ఉంచుకోండి” అన్నాడు. ఎందుకు ఎగరదో చూద్దామని ఆమె కోర్టు పక్కనున్న సిమెంటు గోడకేసి కొట్టింది. అది ఎగిరింది. అంతే, కొంప మునిగింది.

పాత రాకెట్ ఒకటి పట్టుకుని రెండేళ్ళు గోడతోనే ఆడింది. నలభై మూడేళ్ళ మనిషితో, అదీ దుప్పటి విదిలించినట్టు రాకెట్ విదిలించే మనిషితో, ఎవరు ఆడతారు? గోడక్క అన్న పేరు అప్పుడు పడిందే. “ఇంతమందితో ఆడాంగానీ గోడ మీద గెలిచినవాణ్ణి మేమూ చూళ్ళేదు” అని కోర్టులో వాళ్ళు ఎగతాళి చేసేవారు. ఆమె మొగుడిది తాళాలు బాగుచేసే పని. “ఊళ్ళో అన్ని తాళాలకీ చెవి చేస్తాను, నీ పిచ్చికి తాళం మాత్రం నా దగ్గర లేదే” అంటూనే, రాకెట్ పిడి జారుతోందంటే రబ్బరు పట్టీ చుట్టి ఇచ్చాడు.

ఓ సాయంత్రం ఒక పొడుగాటి ముసలాయన వచ్చి గోడకీ ఆమెకీ మధ్య నిలబడ్డాడు. ముప్పై మూడేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. “గోడకి విశ్రాంతివ్వమ్మాయ్, నాతో ఆడు” అన్నాడు. ఆడితే ఆరు–సున్నా. మర్నాడూ ఆరు–సున్నా. ఆయనకి బలమేమీ లేదు. ప్రతి సర్వీసుకి ముందూ నాలుగురోడ్ల కూడలిలో ఆగినట్టు ఎడమకి ఓసారి, కుడికి ఓసారి చూసేవాడు. తర్వాత బంతిని మెత్తగా కోసి, నెట్ దాటగానే చచ్చిపోయేట్టు పడేసేవాడు. ఆమె పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి అది రెండోసారి నేలని ముద్దుపెట్టుకునేది. ఏడాదిపాటు ఆయన నేర్పింది ఒక్క మాట. “పాదాలు.”

పాదాలకేమైంది, రెండూ ఉన్నాయిగా అని ఆమె విసుక్కునేది.

జవాబు లాండ్రీలో దొరికింది. ఓరోజు దుప్పట్లు మడుస్తూ తన కాళ్ళకేసి చూసుకుంది. వదిన కదలబోయే ముందు తన మడమలు నేల వదిలి చిన్న గెంతు వేస్తున్నాయి. ఎటు వెళ్ళాలంటే అటు తేలిగ్గా వెళ్ళిపోతున్నాయి. కళ్ళు దుప్పటి మీద లేవు, వదిన భుజం మీద ఉన్నాయి. భుజం చూస్తే చాలు, చెయ్యి ఎటొస్తుందో తెలిసిపోతోంది. పద్నాలుగేళ్ళుగా, రోజుకి మూడు వందలసార్లు, తను ఆడుతున్నది టెన్నిసే! ఆమె అక్కడికక్కడే ఘొల్లున నవ్వింది. పిచ్చి ముదిరిందనుకుని వదిన మంచినీళ్ళు తెచ్చింది.

ఆ సాయంత్రం ఆమె బంతిని చూడటం మానేసి బాబాయి భుజాన్ని చూసింది. ఆరు–రెండు. ఓడిపోయింది గానీ ఇంటికి ఎగురుకుంటూ వెళ్ళింది. తర్వాత ఆరు–మూడు, ఆరు–నాలుగు. ఇదంతా జరగడానికి అయిదేళ్ళు పట్టింది. ఆ వయసులో ఒక్కో గేమ్ పెరగడమంటే పిల్లలకి ఒక్కో తరగతి పాసవడం లాంటిది, కాకపోతే ఇక్కడ ఎవరూ మార్కుల కాగితం ఇవ్వరు. ఈ మధ్య రెండుసార్లు ఏడు–అయిదు దాకా వచ్చింది. ఇంతలో డాక్టరు ఆయన తుంటి ఎముక అరిగిపోయిందన్నాడు, ఆట మానమన్నాడు. చూపు తగ్గిన చెల్లెలికి తోడుగా ఉంటానని ఆయన చెల్లెలి ఊరికి ప్రయాణం కట్టాడు.

నాలుగింటికి ఆమె వెళ్ళేసరికి డ్రైవర్ బాబాయి కోర్టు మట్టి మీద నీళ్ళు చల్లి, గీతలు ఊడ్చి ఉంచాడు. “రామ్మా రా. ఒక్క సెట్టు. అంతకంటే ఈ తుంటి ఒప్పుకోదు” అన్నాడు.

ఎడమకి చూశాడు, కుడికి చూశాడు, మొదటి సర్వీసు నెట్‌లో కొట్టాడు. రెండోదీ నెట్‌లోనే. మళ్ళీ అంతే. అయ్యో, నొప్పిగా ఉంది కాబోలు అని ఆమె మనసు చివుక్కుమంది. వదిన మాట గుర్తొచ్చింది. పాపం, పెద్దాయన. తన సర్వీసు వచ్చినప్పుడు రెండు బంతులు కంచెకేసి కొట్టింది. ఆయన తన గేమ్ పోగొట్టుకున్నాడు, ఈమె తన గేమ్ పోగొట్టుకుంది. మూడు–మూడు దాకా ఇదే వరస. జన్మలో ఎవరూ అంత చెత్త ఆట చూసి ఉండరు.

ఏడో గేమ్‌లో ఒక బంతి ఆమె ముందు మెల్లగా, తాంబూలంలో పెట్టి ఇచ్చినట్టు లేచింది. ఆమె జాగ్రత్తగా గురిచూసి దాన్ని నెట్‌లో వేసింది. తలెత్తి చూస్తే బాబాయి కోర్టులో లేడు. అవతల, గీత బయట, వేపచెట్టుకి కాపలా ఉన్నట్టు నిలబడి ఉన్నాడు. కోర్టు మొత్తం ఖాళీగా వదిలేశాడు.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

“అమ్మాయ్, ఆ బంతి పొరపాటున నెట్‌లో పడిందా, కావాలని వేశావా?”

“మీరు అక్కడెందుకు నుంచున్నారు బాబాయ్?”

“గాలికి.”

“గాలి ఇటువైపు కూడా ఉందిగా!”

ఆయన నెట్ దగ్గరికి వచ్చాడు. మొహం ఎర్రబడింది. “ఆరేళ్ళు ఆడి ఆడి, చివరికి నాకు ముష్టి వేస్తావా?”

“మరి మీరు వేస్తున్నదేమిటి?”

“నేను పెద్దవాణ్ణి, వెయ్యొచ్చు.”

“నాకొద్దు!” అని అరిచింది గోడక్క. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలీదు. ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వింత చప్పుడొచ్చింది. “ఆరేళ్ళుగా నాక్కావలసింది ఒక్కటే బాబాయ్. దాన్ని దానం చేసి పోదామనుకున్నారా? మీరలా ఇస్తే బతికినంతకాలం అది నాది కాదు.”

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. “సరే. తప్పైపోయింది. మళ్ళీ సున్నా నుంచి. కానీ ముందే చెప్తున్నా, ఏడిపిస్తాను.”

“ఏడిపించండి చూద్దాం.”

ఏడిపించాడు. కన్నుమూసి తెరిచేలోగా మూడు–సున్నా. తుంటి నొప్పి ఏమైందో ఆ దేవుడికే తెలియాలి. బంతిని కోసి నెట్ దగ్గర పడేశాడు, తల మీదుగా ఎత్తి వేశాడు, ఆమెను కోర్టంతా తిప్పి తిప్పి పరిగెత్తించాడు. ఆమెకి ఊపిరాడలేదు, పట్టరాని సంతోషంగా ఉంది. ఇదీ ఆటంటే. మడమలు లేపింది. దుప్పటి అవతలి కొస ఆయన చేతిలో ఉందనుకుంది. భుజాన్ని చూసింది. మూడు–ఒకటి. మూడు–రెండు. మూడు–మూడు. అయిదు–అయిదు దగ్గర ఆయన సర్వీసు లాక్కుంది. ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎవరూ మాట్లాడటం లేదు, స్కోరు చెప్పడం తప్ప.

ఆరు–అయిదు. ఆమె సర్వీసు. ఈ గేమ్ గెలిస్తే సెట్టు ఆమెదే. ఇద్దరూ సమానమై డ్యూస్ మూడుసార్లు వచ్చింది. మూడో డ్యూస్ తర్వాత అడ్వాంటేజ్ ఆమెది, ఇంకొక్క పాయింటు చాలు. బంతి వేసింది. ఆయన భుజం వెంట్రుకవాసి కిందికి దిగింది. బంతి ఇంకా ఆయన రాకెట్‌ని తాకనే లేదు, ఆమె అప్పటికే పరిగెత్తుతోంది. నెట్ దాటి చచ్చిపోబోతున్న బంతి కిందికి రాకెట్ దూర్చి, దూరంగా ఉన్న మూలకి తోసింది. అది గీత దగ్గర పడి, దుమ్ము లేపి, కంచెకేసి వెళ్ళిపోయింది.

అంపైర్లు లేని కోర్టులో ఎవరి వైపు పడ్డ బంతికి వాళ్ళే న్యాయమూర్తులు. లోపలో బయటో ఆయనే చెప్పాలి. ఆయన కుంటుతూ వెళ్ళి ఆ గుర్తు మీదికి వంగాడు. లేచాడు. అవతలి పక్కనుంచి మళ్ళీ వంగాడు. మోకాలి మీద కూర్చుని మట్టిని వేలితో తాకబోయి ఆగాడు.

“లోపలే” అన్నాడు, పన్ను పీకించుకున్నవాడిలా.

ఆమె రాకెట్ వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆయన మాత్రం నవ్వలేదు. శభాష్ అనలేదు. నెట్ దగ్గరికి వచ్చి చెయ్యి కలిపి, వెంటనే లాక్కున్నాడు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. కోపంతో గడ్డం వణుకుతోంది. ఎంత కోపమంటే, ఆ సెట్టు ఆయన ఇవ్వలేదనడానికి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆమెకు ఆ మొహాన్ని ముద్దాడాలనిపించింది.

“ఏదో కాలం కలిసొచ్చి గెలిచావు. రేపు నాలుగింటికి రా, చెప్తా నీ సంగతి!”

“వస్తా! నేనేమన్నా భయపడతాననుకున్నారా?”

ఆ మాట అన్నాక ఇద్దరూ ఆగిపోయారు. రేపు నాలుగింటికి ఆయన ఈ ఊళ్ళో ఉండడు.

కాసేపటికి ఆయన కోపం దానంతటదే దిగిపోయింది. వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు, నెమ్మదిగా వంగి లేసులు విప్పుకున్నాడు. ఆమె నీళ్ళ సీసా ఇచ్చింది. తాగి, “పాదాలు బాగున్నాయమ్మాయ్” అన్నాడు. ఆమె తలూపింది. ఆయన లేచి ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. గేటు దగ్గర ఆగి ఎడమకి చూశాడు, కుడికి చూశాడు, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

కోర్టుని చివరగా వాడినవాళ్ళు చదును చెయ్యాలి. గోడక్క గోనెపట్టా లాగుతూ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా మెల్లగా నడిచింది. పెదాలు నవ్వుతూనే ఉన్నాయి, కళ్ళు కారుతూనే ఉన్నాయి, ఒకదాని సంగతి ఒకదానికి పట్టలేదు. ఇంటికెళ్ళి మొగుడికి చెప్పాలి. రేప్పొద్దున వదిన మొహం చూడాలి. ఏమనుకుంటావు వదినా, కావాలని ఓడిపోదామనే వెళ్ళాను అని మొదలుపెట్టాలి.

పట్టా మడిచి పెట్టడానికి బెంచీ దగ్గరికి వచ్చినప్పుడు చూసింది. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. బెంచీ కింద ఆయన తెల్ల బూట్లు జతగా పెట్టి ఉన్నాయి, ముక్కులు కోర్టు వైపు తిరిగి, ఎడమదాని బొటనవేలి దగ్గర అరిగిన చోట మందపాటి నల్లదారంతో కుట్టిన కుట్లతో, లేసులు లోపలికి సర్ది, ఇంకా వెచ్చగా.