సూదికీ ఓ జెండా

మొగుడు రాయ్స్ చొక్కా చేతి మీద ఇస్త్రీపెట్టె ఆన్చి కాసేపు ఆగింది కొరీన్. సాయంత్రం ఈ చొక్కా తొడుక్కునే అతను కౌంటీని నడిపే ముగ్గురి కమిషన్‌లో పెద్ద కుర్చీ ఎక్కుతాడు. ఎక్కి, ఆమె ఇరవై రెండేళ్లుగా నర్సుగా చేస్తున్న ఆరోగ్య కేంద్రంలో టీకాల గది మూసెయ్యడానికి చెయ్యెత్తుతాడు. ఎత్తే చేతికి ముడత ఉంటే బావుండదు కదా అనుకుంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం దక్షిణాన ఆ కొండల కౌంటీలో అందరిదీ ఒకటే పార్టీ. ఆగస్టులో పార్టీ లోపల జరిగే పోటీయే అసలు ఎన్నిక, నవంబరుది లాంఛనం. కొరీన్ తాత, తండ్రి, కొరీన్, అందరూ ఆ పార్టీకే ఓటేశారు. రాయ్స్ మూడుసార్లు గెలిచాడంటే, మూడుసార్లూ వేల కవర్లు నాలుకతో తడిపి అంటించింది ఆమె. ఎండకి గట్టిపడ్డ నేలలో సుత్తి పట్టుకుని బోర్డులు పాతింది ఆమె. విందులకి కోళ్లు వేయించి, చివర్న గిన్నెలు తోమిందీ ఆమే. గెలిచిన రోజు మైకు ముందు రాయ్స్ అనేవాడు, "మా ఆవిడ పీచ్ పళ్ల తీపి రొట్టె భలే చేస్తుంది." అంతే, ఆమె వాటాకి వచ్చిన కృతజ్ఞత. ఆమె చిన్నప్పుడు బళ్లో పిల్లల్ని వరసగా నిలబెట్టి సూదులేస్తే, ఏ తండ్రీ ఇది ఏ పార్టీ సూది అని అడగలేదు. కరోనా వచ్చాక సూదికీ ఓ జెండా పుట్టింది. కొట్లో ఆమెని చూసి సరుకుల బండి పక్కకి తిప్పుకునేవాళ్లు. "మొగుడికి ఓట్లు తెచ్చే పెళ్లాల్ని చూశాను గానీ, పోగొట్టేదాన్ని నిన్నే చూస్తున్నానమ్మా" అంది అత్తగారు ఆర్డిత్. "ఇంట్లో ఆ ఊసెత్తకు కొరీన్, నా ఓట్లన్నీ నీ సూది మొన మీదున్నాయి" అన్నాడు రాయ్స్. ఆమె ఊసెత్తలేదు. పని మానలేదు కూడా.

ఈ మార్చిలో పక్క కౌంటీకి తట్టు వచ్చింది. ఇద్దరు పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. అప్పట్నుంచి ఆరోగ్య కేంద్రం వెనక తలుపు దగ్గర సన్నగా తట్టడం మొదలైంది. టోపీలు కళ్ల మీదకి లాక్కుని, ట్రక్కు రెండు వీధుల అవతల ఆపి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్లు. "ఎవరికీ తెలీకూడదమ్మా." అందరిదీ అదే మాట. పోయిన గురువారం వేన్ స్టకీ వచ్చాడు. టీకాలు సర్కారు కుట్రని చర్చిలో అరిచి చెప్పే వేన్, మనవరాళ్లని ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని. చిన్నది ఏడుస్తుంటే తనే పాట పాడాడు.

సాయంత్రం కమిషన్ మీటింగులో ఆ వేనే ముందు వరసలో కూర్చున్నాడు.

"ఆ గదికి పిట్ట కూడా రావట్లేదు. మనవాళ్లకి అక్కర్లేదని తేలిపోయింది" అన్నాడు రాయ్స్. చప్పట్లు మోగాయి. కొరీన్ లేచింది.

"మాట్లాడ్డానికి మూడు నిమిషాలు, మిసెస్ లెడ్‌బెటర్. ఇంట్లోనైతే మూడు గంటలు పడుతుంది" అన్నాడు రాయ్స్, పెళ్లాన్ని చూసి. హాలంతా ఒకటే నవ్వు.

నవ్వు తగ్గేదాకా ఆగింది. "ఈ నెల్లో నూట నలభై మంది వచ్చారు. అందరూ మనవాళ్లే."

"అబద్ధం!" వెనక నుంచి ఎవరో అరిచారు. "పేర్లు చెప్పు, చూద్దాం!"

"చెప్పు మరి" అన్నాడు రాయ్స్, కుర్చీలో వెనక్కి వాలి.

ఆ హాల్లో సగం మంది చేతులు తెలుసు ఆమెకి. ఏ జబ్బ మీద మచ్చుందో, ఎవరు కళ్లు మూసుకున్నారో, ఎవరు అమ్మని తలుచుకున్నారో. ఒక్క పేరు చాలు, మొగుడి మాట నేలకూలుతుంది. ముందు వరసలో వేన్ చెవులు ఎర్రగా కందిపోయాయి. టోపీ తీసి ఒళ్లో నలుపుతున్నాడు.

"చెప్పను. నన్ను నమ్మి వచ్చినవాళ్ల పేర్లు నాతోపాటే మట్టిలోకి పోతాయి. నేను అడిగేది ఒక్కటే. వాళ్లని ముందు తలుపు నుంచి రానివ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఓట్లు మాత్రం రెండు మూసెయ్యమనీ, ఒకటి వద్దనీ పడ్డాయి. నెలాఖరుకి గది మూత. కొరీన్ కోటు వేసుకుని, నడి దారి వెంట, తొందర లేకుండా నడిచి బయటికొచ్చింది. ఓడిన నడక కాదది. తన నోరు తను గెలిచిన నడక.

కార్ల దగ్గర వేన్ వచ్చి నిలబడ్డాడు. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వయితే చెప్పేవాడివా?"

తల దించుకున్నాడు. "మన పార్టీలో రాయ్స్ మీద పోటీకి నిలబడే దిక్కు లేదు. అవతలి పార్టీకి వేద్దామంటే చెయ్యి రాదు. నాకే కాదు, ఇక్కడెవరికీ రాదు. ఏం చేస్తాం చెప్పు?"

ఇంటికెళ్లే దారిలో రాయ్స్ ఆమె భుజం తట్టాడు. "మనసులో పెట్టుకోకు. రాజకీయం వేరు, కాపురం వేరు."

"అవును, వేరే" అంది కొరీన్. ఆ మాట అతను ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు.

ఆగస్టు పోటీకి నామినేషన్లు వెయ్యడానికి మర్నాటితో గడువు. పొద్దున్నే కోర్టు భవనంలో గుమాస్తా నడీన్ బల్ల ముందు నిలబడింది. నడీన్ కళ్లద్దాల మీంచి చూసింది.

"రాయ్స్ మొదటిరోజే వేసేశాడుగా కొరీన్. ఏమన్నా మర్చిపోయాడా?"

"మర్చిపోయాడు. కానీ నేనొచ్చింది నా పని మీద. కాగితం ఇవ్వు."

"ఏ పదవికి?"

"రాయ్స్ కూర్చున్నదానికే."

నడీన్ కలం ఆగింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, జాలిగా అడిగింది. "అయితే అవతలి పార్టీ తరఫునా?"

"కాదు నడీన్" అంది కొరీన్, భవనమంతా వినపడేట్టు. "మా పార్టీయే. మా తాతది, మా నాన్నది, నాది."