ఉమ్మిగిన్నె

ఉమ్మిగిన్నె కడగడం ఆమె పని. కిడ్నీ మార్చాక, కొత్త అవయవాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఇచ్చే మందులు రోగాన్ని ఆపే శక్తినే అణిచేస్తాయట. ఆ సందు చూసుకుని, ఎన్నాళ్ళుగానో ఒంట్లో నక్కి ఉన్న వైరస్ భర్త నోట్లోకి ఎగబాకింది. పెదవుల మీద, నాలుక మీద, చిగుళ్ళ మీద పుండ్లు. పుక్కిలించి ఉమ్మిందంతా నెత్తురూ జిగురూ. వంచబోతే తీగలు సాగేది. ఆమె గ్లౌజులు తొడుక్కుని, మొహం పక్కకు తిప్పుకుని కడిగేది. "కట్టుకున్నవాణ్ణి ముట్టుకోడానికి గ్లౌజులేమిటమ్మా?" అనేవారు అత్తగారు, గుమ్మం అవతలే నిలబడి, ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ కిడ్నీ ఇచ్చింది ఆమే. కుట్ల దగ్గర ఇంకా లాగుతూనే ఉంది. ఆపరేషనయ్యాక చూడ్డానికొచ్చిన వాళ్ళందరితో అత్తగారు "మావాడిది గట్టి ఆయుష్షు" అన్నారే గానీ, ఆమె ఊసు ఎవరూ ఎత్తలేదు.

నిన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ పుండ్లు చూసి మొహం చిట్లించింది. "తగ్గాల్సింది పోయి పెరిగిందేమిటి? వైరస్ మాత్రలు సరిగ్గా వేస్తున్నారా? గొంతులోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. మింగలేకపోతే చెప్పండి, చేర్చుకుని మందు సెలైన్లో ఎక్కిస్తాం."

భర్త ఆమె వైపు చెయ్యి చూపించాడు. "ఇదే, మర్చిపోతుంటుంది."

"చదువుకున్నవారిలా ఉన్నారు, ఇంత నిర్లక్ష్యమా?" అంది డాక్టరమ్మ. ఆమె తల దించుకుంది. నిజంగానే మర్చిపోయానేమోనని దారిపొడుగునా తనను తానే తిట్టుకుంది. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికన్నా రోత పుట్టించేది అదే.

ఎందుకంటే ఇవాళ గిన్నె వంచుతుంటే జిగురులో తెల్లగా ఏదో తగిలింది. వేలితో పైకి తీసింది. ఇందాక తన చేత్తో వేసిన మాత్ర, సగం కరిగి ఉంది. బుగ్గన దాచుకుని, ఆమె అటు తిరగ్గానే ఉమ్మేశాడన్నమాట.

గిన్నె కడగలేదు. అలాగే తెచ్చి అతని ముందు పెట్టింది.

"మింగుతుంటే మంట," అన్నాడతను, గిన్నె వైపు చూడకుండా. "మళ్ళీ ఆస్పత్రి మంచం ఎక్కడం నావల్ల కాదు. ఆ డాక్టరమ్మకి చెప్పకు. నువ్వే మర్చిపోయావనుకుంటుంది. నీకేం పోయింది?"

నీకేం పోయింది! ఆమె చెయ్యి దానంతటదే నడుము పక్క కుట్ల మీదికి వెళ్ళింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే డోకొచ్చింది. పుండ్లను చూసి వచ్చిన డోకు కాదది.

"నోరు బాగాలేనివాడితో వాదనేమిటమ్మా, వదిలెయ్," అన్నారు గుమ్మంలోంచి అత్తగారు.

ఆమె గ్లౌజులు విప్పి పారేసి, చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుంది. అతని ఎదురుగానే డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"నేను మాత్రలు మర్చిపోలేదండీ. ఆయన ఉమ్మేస్తున్నారు. ఇవాళే చేర్చుకోండి. పక్కన నేనుండను, వాళ్ళమ్మగారు ఉంటారు."