కాసులమ్మ చంకనెక్కిన బ్యాటరీ

నేను ఒక పడవ బ్యాటరీని. పడవంటే పెద్ద ఓడ అనుకునేరు, కాకినాడ దగ్గర మడ అడవుల పాయల్లో పీతల బుట్టలు వేసుకునే చిన్న ఫైబరు బోటు. దాని వెనక వేలాడే ఇంజనుకి పొద్దున్నే ఒక్క తోపు తొయ్యడమే నా ఉద్యోగం. ఆ తర్వాత కూర్చుని తినడమే. ఇంజనే తిరుగుతూ నాకు మేత పెడుతుంది. ఇంత సుఖమైన కొలువు మీలో ఎంతమందికుందో చెప్పండి!

పుట్టింది ఎక్కడో దూరాన, ఫ్యాక్టరీలో. నా కడుపులో సీసం లేదు, యాసిడ్ నీళ్ళు లేవు, ఉన్నదంతా లిథియం. అందుకే తేలిక. ఆ తేలికే నా కొంప ముంచింది. నన్ను అమ్మకానికి పెట్టిన కొట్టుకి వచ్చిన ప్రతివాడూ నన్ను పుచ్చకాయలా ఎత్తి చూసి, పెదవి విరిచి, పక్కనున్న సీసం బ్యాటరీని ఆయాసపడుతూ మోసుకుపోయేవాడు. ఈ మనుషులకి బరువుంటేనే నమ్మకం. బంగారానికైతే సరే, బ్యాటరీకీ అదే కొలతా?

ఒకరోజు దారకొండ, అతని భార్య కాసులమ్మ వచ్చారు. దారకొండ నన్ను ఒంటిచేత్తో లేపి, "ఇదేటండీ బాబూ, లోపల సరుకేదీ? గాలి కొట్టి అమ్మేత్తన్నారా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"మీ ఇంజనుకి కావాల్సిన తోపు దీనికుందండి. పాటల పెట్టెలూ లైట్లూ తగిలించకండి, దీని ఛార్జరుతోనే ఎక్కించండి, చాలు," అన్నాడు కొట్టాయన.

కాసులమ్మ నన్ను చంకన పెట్టుకుని కొట్టు ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది. పైట సర్దుకుని మళ్ళీ నడిచింది. "ఇదిచ్చెయ్యండి," అంది.

దారకొండ మొహం మాడిపోయింది. ఎందుకో నాకు ఇంటికెళ్ళాక తెలిసింది. రేవులో బ్యాటరీని వదిలేస్తే ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడు. అందుకని సాయంత్రం విప్పి ఇంటికి తెచ్చుకోవడం, పొద్దున్నే మోకాటి లోతు బురదలో మళ్ళీ మోసుకెళ్ళడం అక్కడి రివాజు. వాళ్ళ పాతది లారీ బ్యాటరీ. దాన్ని మోయగలిగేది దారకొండ ఒక్కడే. అంటే ఆయన లేస్తేనే పడవ లేస్తుంది. నడుం పట్టేసిందని ముసుగు తన్నాడా, పాయలో పోటు నీళ్ళు వచ్చి పోయినా, బుట్టల్లో పీతలు ఒకదాన్నొకటి కొరుక్కు తిన్నా, కాసులమ్మ గట్టున కూర్చోవాల్సిందే. పడవ నడపడం ఆయనకంటే ఆవిడకే బాగా వచ్చు. అది మరీ కడుపుమంట.

మొదటి పొద్దున దారకొండ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నా పరువు పోతే చూద్దామని. కాసులమ్మ మీట నొక్కింది. ఒక్క తోపు తోశాను, ఇంజను భుర్రుమంది. "ఏదో, గుడ్డెద్దు సేలో పడింది," అన్నాడు మహానుభావుడు.

మర్నాడు పాత మంత్రమే వేశాడు. "నడుం పట్టేసిందే కాసులూ," అని దుప్పటి లాక్కున్నాడు. "తొంగో మావా," అంది కాసులమ్మ, ఎంత ప్రేమగానో! అని నన్ను చంకనేసుకుంది. గుమ్మం దాటుతుంటే ఆవిడ గుండె దడదడలాడడం నాకు వినిపిస్తూనే ఉంది. ఒంటరిగా పాయలోకి వెళ్ళడం అదే మొదలు. నాకూ భయమేసింది. ఇవాళ నేను మొరాయించానంటే ఈవిడ మళ్ళీ జన్మలో గట్టు దిగదు.

మొరాయించలేదు లెండి. పాయలోకి తిరిగామో లేదో, గట్టు మీద దారకొండ పరుగు! పట్టేసిన నడుం ఏ దేవుడు వదిలించాడో మరి. బురదలో దిగబడి, "ఒసే, ఆపే! నన్నొగ్గేసి ఎల్లిపోతన్నావేటే? ఆ డబ్బా అంత తేలికైపోతే ఇంక నేనెందుకే నీకు?" అని అరిచాడు. నిజం చెప్పొద్దూ, నాకే జాలేసింది. ఆయన భయమంతా అదేనన్నమాట.

కాసులమ్మ పడవని గట్టుకి తిప్పింది. ఇంజనూ ఆవిడా నేనూ అందరం వెనకే ఉండడంతో పడవ ముక్కు పైకి లేచి, తిన్నగా పోనంటోంది. ఆవిడ మొగుణ్ణి కింద నుంచి పైదాకా ఓసారి చూసింది.

"ఎక్కు మావా. ముక్కు లేచిపోతంది. ముందుకెల్లి కూకో."

"కూకుని ఏం సెయ్యాలే?"

"ఏం సెయ్యక్కర్లేదు. బరువుకి."

దారకొండ ముందుకెళ్ళి బుద్ధిగా కూర్చున్నాడు. పడవ తిన్నగా పోయింది.