తూహిన్ పేరు మీద

మర్జీనా కొడుకు తూహిన్ పోయి ఏడేళ్లయింది. కాగితాల ప్రకారం మాత్రం వాడు నిక్షేపంలా ఉన్నాడు. ఇటలీలో మెస్త్రే ఊళ్లో కాపురం, ఓడల యార్డులో వెల్డింగు పని, ఇప్పుడు పెళ్లికొడుకు కూడా కాబోతున్నాడు.

షరియత్‌పూర్ దగ్గర పద్మా నది గట్టు విరిగి వాణ్ణి మింగేసినప్పుడు వాడికి పదహారేళ్లు. అంతకు వారం ముందే, భార్యనీ కొడుకునీ తెచ్చుకోవచ్చని మర్జీనా మొగుడు లోక్‌మాన్‌కి ఇటలీలో అనుమతి వచ్చింది. పిల్లాణ్ణి పూడ్చి ఇంటికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. లోక్‌మాన్ కాసేపు ఏడ్చాడు. ఆ తర్వాత, ఈ చావు సంగతి ఏ ఆఫీసులోనూ రాయించవద్దన్నాడు. తూహిన్ పేరు మీద తన తమ్ముడు దులాల్ రావాలట. పిల్లాడు ఎలాగూ పోయాడు, పేరు కూడా ఎందుకు పోవాలి అన్నాడు. ఆ మాటని మర్జీనా ఈనాటికీ మింగలేదు, కక్కలేదు.

నలభయ్యో రోజున నలుగురినీ పిలిచి, పోయినవాడి పేరు మీద అన్నం పెట్టాలి. అదీ వద్దన్నారు. సొంత ఊరితో భయం లేదు. ఇంటికొకడు ఇటలీ వెళ్లిన ఊరు అది, ఒకరి గుట్టు ఒకరు కాస్తారు. కానీ పొరుగూళ్ల వాళ్లూ వచ్చి తింటారు, వాళ్ల నోళ్లు ఎవరు మూస్తారని అత్తగారు అడ్డుపడింది. ఆ అన్నం పెట్టకుండానే మర్జీనా మరిదిని కొడుకని చెప్పి విమానమెక్కింది.

ఇక్కడి మసీదులోనైనా ఒక్క పూట పెడదామని ఏటా మొగుణ్ణి అడిగేది. బతికున్నవాడికి చావు భోజనాలేమిటే పిచ్చిదానా, అని కసిరేవాడు లోక్‌మాన్. దులాల్ అయితే నవ్వేవాడు.

"తూహిన్‌గా నేనున్నానుగా వదినా. ఆ పెట్టేదేదో నాకే పెట్టు."

గడప దాటితే మాత్రం నోరారా అమ్మా అని పిలిచేవాడు. నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుంది.

ఈ ఆదివారం మధ్యాహ్నం పెళ్లికూతురి తండ్రి గులాం కిబ్రియా, మాట ఖాయం చేసుకుందామని ఇమాంగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. పలావు మారు వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కున్నాక అసలు సంగతి తీశాడు. ఈ కుర్రాడు లోక్‌మాన్‌కి కొడుకు కాదు, తమ్ముడని టీ కొట్టు దగ్గర ఎవడో అన్నాడట. లోక్‌మాన్ పరుగున వెళ్లి పాస్‌పోర్టు తెచ్చాడు. కిబ్రియా దాన్ని ముట్టుకోనైనా లేదు.

"కాగితాల సంగతి మనకి తెలీనిదా, భాయ్. కన్నతల్లిని బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పమను. నాకదే చాలు."

ఇలాంటి ఒట్లు మతంలో లేవని ఇమాంగారు గొణిగారు. ఎవరూ వినిపించుకోలేదు. మతంలో లేకపోతేనేం, పద్మకి రెండు గట్ల మీదా ఆ నమ్మకం ఉంది. అబద్ధపు ఒట్టు వేసినవాళ్లకి ఏమీ కాదు, ఎవరి తల మీద వేస్తే వాళ్లకే తగులుతుంది. పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతే. ముందు ఈ గండం గట్టెక్కించమన్నట్టు లోక్‌మాన్ పెళ్లానికి కళ్లతోనే సైగ చేశాడు. దులాల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మకి ఒంట్లో బాగాలేదు, ఇవాళ వద్దన్నాడు.

"నాకేం, బానే ఉన్నాను" అంది మర్జీనా, కొంగు సర్దుకుని లేస్తూ.

అరచెయ్యి నిండుగా వాడి నెత్తిన ఆనించింది. ఆ తల వణుకుతోంది. ఆవిడ మాత్రం చెయ్యి తియ్యలేదు. జాలి కూడా కలగలేదు. నిజం చెప్పాలంటే ఆవిడకి సంతోషమే వేసింది.

"వీడు నా కొడుకు తూహిన్. నా కడుపున పుట్టినవాడు. అబద్ధమైతే ఆ పాపం వీడికే తగలాలి."

ఆ చివరి ముక్క ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. కిబ్రియా కళ్లు తుడుచుకుని లోక్‌మాన్‌ని వాటేసుకున్నాడు.

దులాల్ ఆవిడ వెనకే వంటింట్లోకి వచ్చాడు.

"మనసులోనైనా ఒట్టు తీసి గట్టున పెట్టావా, వదినా?"

మర్జీనా సేమ్యా పాయసం గిన్నెల్లో పోస్తోంది. తలెత్తి చూడలేదు.

"లేదు. నువ్వు పోతేగాని కాగితాల్లో వాడు పోయినట్టు కాదుగా. అప్పుడు నలభయ్యో రోజున మెస్త్రేలో ఉన్నవాళ్లందరినీ పిలిచి వాడి పేరు మీద అన్నం పెడతాను, ఎవరొద్దంటారో చూస్తాను. ఇదిగో, చల్లారిపోతోంది. మీ మామగారికి ఇచ్చిరా."