నల్ల గొర్రెపిల్ల లెక్క

గుర్వమ్మ నోట్లో నువ్వుగింజ నానదని కేతేపల్లి అంతటికీ తెలుసు. అలాంటి మనిషి కూడా ఒకసారి మాట మింగింది.

ఆమె తన అన్న కూతురు నాగరాణిని ఏరికోరి కొడుకు మల్లికార్జున్‌కు చేసుకుంది. మనవరాలు రూప తలసేమియాతో పుట్టింది. ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకోసారి నల్లగొండ దవాఖానలో ఎక్కించాల్సిందే. ఇప్పుడు నాగరాణికి మళ్ళీ మూడో నెల. కడుపులో బిడ్డకూ ఆ జబ్బు ఉందో లేదో పరీక్షలో తెలుస్తుంది. ఈ నెలలో చేయించుకుంటేనే మేలన్నారు.

దవాఖానలో గర్భిణులకు వివరాలు చెప్పే నవనీత ఒక కాగితం ఇచ్చింది. తల్లిలోనూ తండ్రిలోనూ ఆ లోపం దాగి ఉంటే నాలుగింట ఒక బిడ్డకు జబ్బు రావచ్చని అందులో ఉంది. మల్లికార్జున్ చదివి వినిపించగానే గుర్వమ్మ ముఖం చాటంత చేసుకుంది.

"నలుగుర్ల ఒకరంటే, గా ఒక్కటి మన రూపతోనే అయిపాయె. ఇగ ముగ్గురు ముత్యాలోలె పుడ్తరు. పరీక్ష లేదు గిరీక్ష లేదు!"

పొద్దుగూకేసరికి ఈ లెక్క వాడంతా చేరింది. నాగరాణికీ నమ్మాలనే ఉంది. కానీ రూప చేతి మీది సూది మచ్చలు చూసినప్పుడల్లా ఆ నమ్మకం సడలేది.

మర్నాడు దొడ్డిలో తెల్లగొర్రె ఈనింది. గుర్వమ్మ పిల్లను ఎత్తి చూసి విసుక్కుంది. "మల్లా నల్లదే! తల్లి తెల్లది, పొట్టేలు తెల్లది. నిరుడు నల్లదే, గీయేడు సుత నల్లదే."

"అత్తమ్మా, నిరుడే నల్లది పుట్టింది గదా. గీసారి తెల్లది పుట్టాలె గదా?" అంది నాగరాణి.

"ఎవలు చెప్పిండ్రే నీకు? ఏ ఈతకు ఆ ఈతే. నిరుడు పుట్టింది గొర్రె కడుపుకు యాదికుంటదా..."

అంటూనే గుర్వమ్మ ఆగిపోయింది. చేతిలో పిల్ల అరుస్తున్నా దించలేదు. కోడలి కడుపు వైపు చూసింది.

"జల్ది చీర మార్చుకో బిడ్డా. దవాఖానకు పోదాం."

నవనీత అంతా విని, కాగితం సరిదిద్దడానికి పెన్ను తీసింది. "గిట్ల అనుకుంటరని నాకు తట్టలేదు అక్కా. ఇంకేం తెల్వాలె, అన్నీ అడుగు."

నాగరాణి అడిగింది. సూదితో మాయలోంచి చిన్న ముక్క తీస్తారని, అరుదుగా గర్భం పోయే ప్రమాదమూ ఉందని నవనీత దాచకుండా చెప్పింది. ఆడో మగో చెప్పరు, చట్టం ఒప్పుకోదు. జబ్బు తేలినా తర్వాత ఏం చేయాలన్నది వాళ్ళ ఇష్టమే. అన్నీ అయ్యాక నాగరాణి గొంతు తగ్గించింది.

"నేను వద్దంటే, మా రూపకు రక్తం ఎక్కించుడు ఆపరు గదా మేడం?"

నవనీత కళ్ళు చెమర్చాయి. "ఆపరు. ఎన్నటికీ ఆపరు." ఆ మాట కూడా కాగితంలో రాసింది.

నాగరాణి తనంతట తానే సరేనంది. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. చివరికి వచ్చింది. అమ్మానాన్నల్లాగే బిడ్డలోనూ లోపం దాగి ఉంది గానీ జబ్బు లేదు.

పాప పుట్టేనాటికి కొత్త కాగితం అచ్చయింది. దాని మీద నల్ల గొర్రెపిల్ల బొమ్మ, కింద "ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటి నుంచే" అన్న మాట. ఆ తర్వాత రూపకు రక్తం ఎక్కించడానికి తీసుకొచ్చిన రోజున గుర్వమ్మ పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని దవాఖాన బల్ల మీద కూర్చుంది. అదే కాగితం పట్టుకున్న ఒక గర్భిణి ఆమె దగ్గరికి జరిగింది.

"అవ్వా, మీ కోడలు పరీక్ష చేయించుకున్నదట గదా. ఏమొచ్చింది? మీకు మంచిగొస్తే నాకు సుత మంచిగనే వస్తదేమో."

గుర్వమ్మకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. వాడంతా చాటాల్సిన మాట. పాప బుగ్గ నిమిరి, ఆ మాట మింగేసింది.

"మాకేమొచ్చిందో నీకెందుకు బిడ్డా? నీ కడుపు లెక్క నీదే. కాయితం మొత్తం సదువు, తెల్వంది గా మేడంను అడుగు," అని మెడ నిటారుగా నిలిపింది. "గా నల్లపిల్ల మాత్రం మా దొడ్డిదే!"